మన రంగం కాని చోట పేపర్ వేయాలంటే ఏ జర్నల్‌కి పంపాలి?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళ పరీక్షల లెక్కలు మీ చేతికొచ్చాయనుకోండి. ఏ బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటుతుందో ముందే చెప్పే మోడల్ ఒకటి కట్టారు. అది బాగానే పనిచేస్తోంది. మీరు చదివింది మాత్రం కంప్యూటర్ సైన్స్. ఈ పేపర్ భూగర్భ జలాల జర్నల్‌కి వెళ్ళాలా, మెషీన్ లెర్నింగ్ వాళ్ళ దగ్గరికా, ప్రజారోగ్యం జర్నల్‌కా, లేక ఏ రంగమైనా తీసుకునే పెద్ద జర్నల్‌కా?

కొన్నేళ్ళ క్రితం నేను సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషిని, నీళ్ళ గురించి ఒక్క పేపర్ కూడా రాసి ఎరగను. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉటంకిస్తున్నారో చెప్పే అంకె) చూసి ఒక భూగర్భ జలాల జర్నల్‌ని ఎంచుకుని పంపాను. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది, రివ్యూయర్ల దాకా కూడా వెళ్ళలేదు. ఎడిటర్ రాసినవి రెండే వాక్యాలు. నీటి నమూనాల అయాన్ల లెక్క సరితూగిందో లేదో చూపలేదని ఒకటి, కాల్షియం గురించి చర్చే లేదని రెండోది. ఆ రెండూ ఎందుకు అడిగారో కూడా నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా, ఇలాగే తటపటాయిస్తున్న వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి మొదటి నుంచి చివరి దాకా ఆ ఫ్లోరైడ్ పేపర్‌నే తీసుకుంటాను. మీది పంట తెగుళ్ళ ఫోటోల పని కావచ్చు, ఎక్స్‌రేల పని కావచ్చు, పాత శాసనాల మీద గణాంకాల పని కావచ్చు. లెక్క చూసే పద్ధతి పెద్దగా మారదు.

జర్నల్ పేర్లు వెతికే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న: మీ పేపర్‌లో తప్పుంటే పట్టుకోగలిగిన మనిషి ఏ జర్నల్ దగ్గర ఉన్నాడు? చాలామంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు. ఎక్కడ తేలిగ్గా గట్టెక్కుతామా అని చూస్తారు. అలా గట్టెక్కిన పేపర్ తర్వాత మెడకు చుట్టుకుంటుంది. 1994లో మధుమేహ వైద్యుల జర్నల్ ‘డయాబెటిస్ కేర్’లో ఒక పేపర్ వచ్చింది. గ్లూకోజ్ గ్రాఫ్ కింద ఉన్న వైశాల్యాన్ని లెక్కించడానికి కొత్త గణిత నమూనా కనిపెట్టామని అందులో ఉంది. నిజానికి అది మనం ఇంటర్, డిగ్రీల్లో చదువుకునే ట్రెపిజాయిడల్ రూల్. రివ్యూ చేసిన వాళ్ళకి మధుమేహం తెలుసు, గణితమూ తెలిసిన మనిషి చేతిలో పడి ఉంటే అది అక్కడే ఆగేది. అచ్చయ్యాక అభ్యంతరాలు చెబుతూ ఉత్తరాలు వచ్చాయి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పేపర్‌ని ఇప్పటికీ పాఠంగా చెప్పుకుంటున్నారు. ఆ రచయిత్రి మోసం చేయలేదు. పక్క రంగంలో ఏముందో ఆవిడకు చెప్పేవాళ్ళు ఎదురుపడలేదు, అంతే.

రెండోది, మీ పేపర్‌లో కొత్తదనం ఎక్కడుంది? కొత్త అల్గారిథమ్ కనిపెట్టారా, లేక అందరికీ తెలిసిన రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతితోనే ఒక ప్రాంతం గురించి కొత్త సంగతి చెప్పారా? మొదటిదైతే సొంత రంగం, రెండోదైతే అవతలి రంగం. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం తికమక పోతుంది.

మూడోది, చదవాల్సింది ఎవరు? ఎక్కడ బోరు వేయాలో, ఏ ఊరికి ముందు మంచినీళ్ళ పైపు వేయాలో నిర్ణయించే వాళ్ళ దగ్గరికి ఇది చేరాలంటే మెషీన్ లెర్నింగ్ కాన్ఫరెన్స్ సంపుటిలో పెడితే లాభం లేదు. జలశాస్త్రం వాళ్ళు అటువైపు చూడరు.

ఆ తర్వాత డబ్బు, కాలం, మీ సంస్థలో దానికిచ్చే లెక్క. ఈ మూడింటి గురించి ఎవరూ పైకి మాట్లాడరు కానీ చివరికి నిర్ణయాలన్నీ వీటి మీదే నడుస్తాయి. కాబట్టి సిగ్గుపడకుండా ముందే రాసుకోండి: ఎంత పెట్టగలను, ఎప్పటిలోగా కావాలి, జర్నల్ స్కోపస్ జాబితాలో ఉండాలా, వెబ్ ఆఫ్ సైన్స్ జాబితాలో ఉండాలా.

| దారి | తప్పు పట్టే మనిషి దొరుకుతాడా | రచయిత ఖర్చు | కాలం | ఎవరు చదువుతారు |
|---|---|---|---|---|
| అవతలి రంగం జర్నల్ | తప్పకుండా | హైబ్రిడ్ (వివరం కింద) అయితే సున్నా కూడా కావచ్చు | నెలలు, ఒక్కోసారి ఏడాది | ఆ రంగం వాళ్ళు |
| మన రంగం వేదిక | పద్ధతి వరకే | జర్నల్‌కి సాధారణంగా లేదు, కాన్ఫరెన్స్‌కి రిజిస్ట్రేషన్, ప్రయాణం | కాన్ఫరెన్స్‌కి ముందే తెలిసిన తేదీలు | మనలాంటి వాళ్ళే |
| మెగా జర్నల్ (ఏ రంగమైనా తీసుకునేది) | ఎడిటర్‌ని బట్టి | 2,000 డాలర్లకు పైనే | మధ్యస్థం | ఎవరైనా, వెతికితే |
| భారతీయ జర్నల్ | చాలావరకు, స్థానిక సంగతులు బాగా తెలుసు | చాలాచోట్ల లేదు | నెలలు | మన దేశంలో అదే పని చేసేవాళ్ళు |
| ప్రీప్రింట్ (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) | రివ్యూ ఉండదు | లేదు | రోజులు | చూసినవాళ్ళు |

అవతలి రంగం జర్నల్

కష్టమైన దారి ఇది. అయినా నేను ఎక్కువమందికి ముందు చెప్పేది దీన్నే.

నీటి రసాయనం తెలిసిన వాళ్ళు పేపర్ చేతిలోకి రాగానే మొదట చూసేది ధన అయాన్లు, ఋణ అయాన్లు సరితూగాయా లేదా అని. నీళ్ళకి విద్యుదావేశం ఉండదు కాబట్టి కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఒకవైపు, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్ మొదలైనవి మరోవైపు పెడితే రెండూ సమానం కావాలి. మామూలుగా 5 శాతం తేడా వరకు ఒప్పుకుంటారు. అంతకు మించితే ల్యాబ్‌లో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. నా దగ్గరున్న పట్టికలో ఈ లెక్క చేసి చూస్తే చాలా వరుసలు నిలబడలేదు. అంటే నేను మోడల్‌కి నేర్పిన దాంట్లో కొంత భాగం ల్యాబ్ పొరపాట్లే.

కాల్షియం సంగతీ ఇలాంటిదే. నల్లగొండ గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వాటిలో ఒకటైన ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడే. నీళ్ళలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ అంతగా కరగదు. కాల్షియం తగ్గి సోడియం, బైకార్బొనేట్ పెరిగిన చోట ఫ్లోరైడ్ పెరుగుతుంది. నా మోడల్ ‘కాల్షియం ముఖ్యమైన ఫీచర్’ అని చూపిస్తే నేను దాన్ని ఒక బార్ చార్టులో పెట్టి ఊరుకున్నాను. ఆ రంగంలో అది మొదటి సంవత్సరం పాఠం. నేను కనిపెట్టాననుకున్నది వాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు. అసలు చెప్పాల్సింది, ఈ సంబంధం ఏ బోర్లలో తప్పుతోంది, ఎందుకు తప్పుతోంది అన్నది.

అందుకే ఈ దారిలో వెళ్ళే వాళ్ళకి నా మొదటి సలహా: పేపర్ రాయడం మొదలుపెట్టకముందే ఆ రంగం మనిషిని ఒకరిని కలుపుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఇందులో లోటు లేదు. నేల, నీళ్ళు అయితే ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఆహారం, పోషణ అయితే జాతీయ పోషకాహార సంస్థ, మెట్ట పంటలైతే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. వెళ్ళి ‘పేపర్‌లో పేరు పెడతాం, చూసి పెట్టండి’ అని అడగొద్దు. డేటా ముందు పెట్టి ‘ఇందులో ఏది అసాధ్యంగా కనిపిస్తోంది?’ అని అడగండి. పని తెలిసిన మనిషికి ఆ ప్రశ్న నచ్చుతుంది. నాకు దొరికిన సహరచయిత గంటసేపు పట్టిక చూసి, పక్కపక్క బోర్లని మోడల్‌కి నేర్పే ట్రైనింగ్‌లో కొన్ని, దాన్ని పరీక్షించే టెస్టింగ్‌లో కొన్ని నేను వేసేశానని పట్టుకున్నారు. వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్ల నీళ్ళు దాదాపు ఒకటే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని అడిగితే ఏ మోడలైనా చెబుతుంది. ఊళ్ళవారీగా విడదీసి మళ్ళీ నడిపితే, మోడల్ కచ్చితత్వం అని నేను గొప్పగా చెప్పుకున్న అంకె బాగా దిగిపోయింది. బాధేసింది. కానీ ఆ దిగిన అంకెనే రివ్యూయర్లు నమ్మారు.

డబ్బు విషయంలో ఇక్కడ చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. పెద్ద ప్రచురణ సంస్థల పాత జర్నల్స్ చాలావరకు హైబ్రిడ్. అంటే ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివే వీలు) కావాలంటే వేల డాలర్లు అడుగుతాయి కానీ సబ్‌స్క్రిప్షన్ దారి ఎంచుకుంటే రచయిత పైసా కట్టక్కర్లేదు. అంగీకారం వచ్చాక వచ్చే ఫారంలో ఆ గడిని చూసి టిక్ పెట్టాలి. తొందరలో ఓపెన్ యాక్సెస్ నొక్కేసి తర్వాత బిల్లు చూసి టెన్షన్ పడిన స్కాలర్లు నాకు తెలుసు. సబ్‌స్క్రిప్షన్ దారిలో వేసినా, జర్నల్ పాలసీని బట్టి మీ ఆమోదిత ప్రతిని కొంత గడువు తర్వాత సంస్థ రిపాజిటరీలో పెట్టుకోవచ్చు.

ఇంకొక మాట. ఆ జర్నల్‌లో గత రెండేళ్ళలో మీ అంశం మీద వచ్చిన పేపర్లు కనీసం పది చదవకుండా పంపకండి. 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం ఒకే సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేట్ కాలేజీలో ఉన్నవాళ్ళు దగ్గర్లోని ప్రభుత్వ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి చదువుకునే వీలుందేమో అడగండి.

మన రంగం వేదిక

కొత్త పద్ధతి నిజంగా కనిపెట్టి, ఫ్లోరైడ్ దానికి ఒక ఉదాహరణ మాత్రమే అయితే ఇంట్లోనే ఉండండి. రివ్యూయర్ల భాష తెలుసు, ఫార్మాట్ తెలుసు, ఏం అడుగుతారో తెలుసు. కానీ అప్పుడు ఒక్క బోర్ల డేటాతో సరిపోదు. నాలుగైదు వేర్వేరు డేటాసెట్ల మీద చూపమంటారు, న్యాయమే.

పాత పద్ధతిని కొత్త డేటా మీద నడిపిన పేపర్ అయితే మంచి వేదికల్లో ‘కొత్తదనం చాలదు’ అని తిరిగొస్తుంది. తక్కువ స్థాయి కాన్ఫరెన్స్‌లో ఒప్పుకున్నా, అక్కడ ఒకసారి పూర్తి పేపర్‌గా అచ్చయితే దాన్నే మళ్ళీ నీళ్ళ జర్నల్‌కి పంపడం కష్టం. మన కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్స్ పేపర్‌ని పెంచి జర్నల్‌కి ఇవ్వడం అలవాటు. చాలా విజ్ఞాన రంగాల్లో కాన్ఫరెన్స్ అంటే ఒక పేజీ సంక్షిప్తం, అంతే. పూర్తి పేపర్ ముందే అచ్చయిందంటే అది పాత సరుకు కింద లెక్క.

మెగా జర్నల్

ప్లాస్ వన్ 2006లో మొదలైంది. సైంటిఫిక్ రిపోర్ట్స్ 2011లో వచ్చింది. వీటి సూత్రం ఒకటే: పని సాంకేతికంగా సరిగ్గా ఉందా అని చూస్తారు, ఎంత గొప్పదన్నది చూడరు. ఏ రంగమైనా పంపొచ్చు. రెండు రంగాల మధ్య పడి, ఇటువాళ్ళు ‘అటు పంపు’ అని, అటువాళ్ళు ‘ఇటు పంపు’ అని తిప్పే పేపర్లకి ఇవి నిజంగా ఆసరా. ‘ఏమీ తేలలేదు’ అన్న ఫలితాన్ని కూడా గౌరవంగా తీసుకుంటాయి. దీన్ని నేను గొప్ప విషయం అనుకుంటాను.

ఇబ్బందులు రెండు. మొదటిది ఖర్చు. రెండు వేల డాలర్లంటే మన డబ్బుల్లో లక్షన్నరకు పైమాటే. పేద దేశాలకిచ్చే మినహాయింపు మనకి కూడా వస్తుందనుకుంటారు. చాలా పెద్ద ప్రచురణ సంస్థలు ఆటోమేటిక్‌గా మినహాయింపు ఇచ్చే దేశాల జాబితాలో భారత్ లేదు. మినహాయింపు కోరుతూ విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ వస్తుందన్న హామీ లేదు. పంపే ముందే గ్రాంటులో డబ్బుందో లేదో చూసుకోండి.

రెండోది, ఎడిటర్ ఎవరన్నది అదృష్టం. వేల మంది ఎడిటర్లున్న చోట మీ పేపర్ కంప్యూటర్ సైన్స్ మనిషికి పడితే మళ్ళీ ట్రెపిజాయిడల్ రూల్ కథే. దీన్ని మీరు కొంతవరకు సరిచేయొచ్చు. పంపేటప్పుడు ఎంచుకునే సబ్జెక్టు విభాగాల్లో అవతలి రంగాన్ని ముందు పెట్టండి. రివ్యూయర్లను సూచించమని అడిగే చోట నీటి రసాయనం వాళ్ళు ఇద్దరిని, గణాంకాల వాళ్ళు ఒకరిని రాయండి. కవర్ లెటర్‌లో ‘ఈ పేపర్‌ని రెండు వైపుల నుంచీ పరిశీలించాలని కోరుతున్నాం’ అని ఒక్క వాక్యం పెట్టండి. ఎడిటర్లు దాన్ని పట్టించుకుంటారు.

డేటా గురించి కూడా ఆలోచించండి. ప్లాస్ వన్ డేటాని బయట పెట్టమంటుంది. ప్రభుత్వ శాఖ నుంచి తెచ్చుకున్న పట్టిక అయితే, దాన్ని ప్రచురించే అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్‌లో ‘సరే లెండి’ అన్నది అనుమతి కాదు.

భారతీయ జర్నల్స్

వీటిని చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది. కరెంట్ సైన్స్ 1932 నుంచి వస్తోంది, అన్ని రంగాల పేపర్లూ తీసుకుంటుంది. సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నుంచి భూమి, నీరు, వాతావరణానికి ‘జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్’, ఇంజనీరింగ్‌కి ‘సాధన’, జీవశాస్త్రానికి ‘జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్’ వస్తున్నాయి. ఆరోగ్యం వైపు వెళ్తే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’ 1913 నుంచి ఉంది.

ఫ్లోరైడ్ చరిత్రే చూడండి. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి నివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుంచి. అది అచ్చయింది ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో. ఈ రోజుకీ ఫ్లోరైడ్ మీద రాసేవాళ్ళు దాన్ని ఉటంకిస్తూనే ఉన్నారు. స్థానిక సమస్యని స్థానిక జర్నల్‌లో వేస్తే ఎవరూ చూడరన్నది అన్నివేళలా నిజం కాదు.

ఇక్కడి రివ్యూయర్‌కి నల్లగొండ ఎక్కడుందో చెప్పక్కర్లేదు. వర్షాకాలానికి ముందు తీశారా, తర్వాత తీశారా అని సూటిగా అడుగుతాడు. చేతిపంపా, బోరు మోటారా, ఎంతసేపు నీళ్ళు వదిలాక నమూనా పట్టారు అని అడుగుతాడు. విదేశీ జర్నల్‌లో ఎవరూ అడగని ఈ ప్రశ్నలు నా పేపర్‌ని నిజంగా బాగుచేశాయి. లోటు ఏమిటంటే, కొన్నిటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ తక్కువ. ప్రమోషన్‌కి క్యూ1 (ఆ రంగంలో పై పాతిక శాతంలో ఉన్న) జర్నల్ కావాలని మీ సంస్థ పట్టుబడితే అప్పుడు చిక్కే.

ఆ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రంగం మారితే ఆ అంకెకి అర్థం మారిపోతుంది. గణితంలో 2 ఉంటే మంచి జర్నల్, క్యాన్సర్ పరిశోధనలో అదే 2 అంటే చాలా కింద. కాబట్టి అంకెని అంకెతో పోల్చొద్దు, ఆ రంగం లోపల ఎన్నో స్థానంలో ఉందో చూడండి. సిమాగో వెబ్‌సైట్‌లో ఈ వివరం ఉచితంగానే దొరుకుతుంది.

ప్రీప్రింట్

ఇది మిగతా దారులకు బదులు కాదు, తోడు. ప్రీప్రింట్లు పెట్టే వెబ్‌సైట్లలో ఆర్కైవ్ (arXiv) 1991 నుంచి, బయోఆర్కైవ్ 2013 నుంచి, మెడ్ఆర్కైవ్ 2019 నుంచి ఉన్నాయి. జర్నల్‌లో రావడానికి ఏడాది పట్టేలా ఉంటే, ముందు ప్రీప్రింట్ పెట్టి అవతలి రంగం వాళ్ళకి లింకు పంపి అభిప్రాయం అడగొచ్చు. ఆర్కైవ్‌లో కొత్తవాళ్ళకి ఆ విభాగంలో ఇప్పటికే రాస్తున్న వాళ్ళ సిఫారసు కావాల్సి ఉంటుంది. సహరచయితని కలుపుకోమనడానికి అదీ ఒక కారణం.

ఆరోగ్యం సంగతి అయితే జాగ్రత్త. ‘ఈ ఊరి నీళ్ళు తాగితే ఎముకలు వంగిపోతాయి’ అన్నట్టు రివ్యూ కాని పేపర్ వాట్సాప్‌లో తిరిగితే ఆ ఊరి పిల్లలకు సంబంధాలు కుదరవు. ఊళ్ళ పేర్లు తీసేసి పెట్టండి. మీరు పంపబోయే జర్నల్ ప్రీప్రింట్‌ని ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే చూడండి.

‘మల్టీడిసిప్లినరీ’ అన్న పేరుతో వచ్చే మెయిల్స్

రంగం మార్చే వాళ్ళే ఎక్కువగా ఇక్కడ పడతారు. సొంత రంగంలో ఏ జర్నల్ మంచిదో చెవిన పడుతూనే ఉంటుంది, కొత్త రంగంలో ఆ వినికిడి ఉండదు. ‘అన్ని రంగాలూ స్వాగతం, వారంలో అంగీకారం’ అని మెయిల్ వస్తుంది. 2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున కావాలనే తప్పులు పెట్టిన ఒక నకిలీ పేపర్‌ని 304 జర్నల్స్‌కి పంపిస్తే 157 ఒప్పుకున్నాయి, 98 తిప్పికొట్టాయి. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో, 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని అక్కడి కోర్టు తీర్పిచ్చింది.

పేరున్న సంస్థల దగ్గర కూడా స్పెషల్ ఇష్యూలని, అంటే ఒక అంశం మీద వేసే ప్రత్యేక సంచికలని, ఒకటికి రెండుసార్లు చూసుకోండి. హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నల్స్‌లో 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకున్నారు, వాటిలో చాలావరకు స్పెషల్ ఇష్యూల్లో వచ్చినవే. అదే ఏడాది మార్చిలో పర్యావరణం, ప్రజారోగ్యం మీద వచ్చే ఒక భారీ జర్నల్‌ని వెబ్ ఆఫ్ సైన్స్ జాబితా నుంచి తొలగించారు. జర్నల్ పరిధికీ, అచ్చవుతున్న పేపర్లకీ పొంతన లేదన్నది కారణం. నిజాయితీగా పనిచేసి అందులో పేపర్లు వేసిన వాళ్ళు కూడా ఇబ్బంది పడ్డారు.

ఇక్కడ జాబితాని నమ్ముకుని కూర్చునే రోజులు పోయాయి. నమ్మదగిన జర్నల్స్ పేర్లతో ఉండే యూజీసీ కేర్ జాబితాని 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఆపేసి, సంస్థలే చూసుకోవాలంటూ కొన్ని ప్రమాణాలు సూచించింది. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. ఎడిటోరియల్ బోర్డులో ముగ్గురిని తీసుకుని వాళ్ళ సంస్థ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో వెతకండి. స్కోపస్‌లో ఉందని వాళ్ళు చెబితే వాళ్ళ మాట కాదు, స్కోపస్ వెబ్‌సైట్‌లోనే చూడండి. అచ్చు అదే పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయి, అందుకే ప్రతి జర్నల్‌కీ విడిగా ఉండే ఐఎస్ఎస్ఎన్ నంబరుతో సరిపోల్చండి. అన్నిటికంటే మంచి పరీక్ష: మీరు ఉటంకిస్తున్న పేపర్లు ఎక్కువగా ఏ జర్నల్స్‌లో వచ్చాయో లెక్కపెట్టండి. పైన వచ్చిన మూడు నాలుగు పేర్లే మీ అసలు జాబితా.

ఎవరికి ఏది

పీహెచ్‌డీ స్కాలర్లు: 2022 నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ తీసేసింది. అయినా చాలా యూనివర్సిటీలు తమ నియమాల్లో అడుగుతూనే ఉన్నాయి. గడువు ఏడాదిలోపే ఉంటే మొదటి పేపర్ సొంత రంగంలో వేయండి, రంగాల మధ్య పేపర్‌ని ప్రీప్రింట్‌గా పెట్టి అవతలి జర్నల్‌కి పంపి ఎదురుచూడండి. రెండేళ్ళు చేతిలో ఉంటే నేరుగా అవతలి రంగమే. మీ గైడ్‌కి ఆ రంగం తెలియకపోతే, డాక్టరల్ కమిటీలో ఆ రంగం వాళ్ళని ఒకరిని వేయమని మొదట్లోనే అడగండి. మూడో ఏట అడిగితే ఆలస్యమవుతుంది.

ప్రమోషన్ కోసం చూస్తున్న అధ్యాపకులు: మీ సంస్థ కమిటీలో మీ శాఖ వాళ్ళే ఉంటారు, భూగర్భ జలాల జర్నల్ పేరు వాళ్ళకి తెలియకపోవచ్చు. పంపే ముందే ఆ జర్నల్ స్థానం, ఏ జాబితాలో ఉందో ప్రింట్ తీసి శాఖాధిపతికి చూపించి, లెక్కలోకి వస్తుందని మాట తీసుకోండి. నా సహోద్యోగి ఒకరు అచ్చయ్యాక అడిగి బాధపడ్డారు.

సంస్థ లేని వాళ్ళు, రిటైరైన వాళ్ళు, ఉద్యోగంలో ఉంటూ సొంతంగా పని చేసేవాళ్ళు: రుసుము లేని భారతీయ జర్నల్, లేదా హైబ్రిడ్‌లో సబ్‌స్క్రిప్షన్ దారి. మనుషుల రక్తం, మూత్రం నమూనాలు, వైద్య రికార్డులు ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఏ మంచి వైద్య జర్నలూ తీసుకోదు. పని అయిపోయాక తెచ్చే అనుమతి చెల్లదు. కాబట్టి ఒక మెడికల్ కాలేజీతో కలిసి మొదలుపెట్టండి.

అటునుంచి ఇటు వచ్చే డాక్టర్లు: మీ ఎక్స్‌రేల మీద ఏఐ మోడల్‌ని ఇంజనీర్లు కట్టిపెట్టారనుకోండి, ఇంజనీరింగ్ జర్నల్‌కి పంపాలన్న ఒత్తిడి ఉంటుంది. మోడల్ మామూలుదే, రోగులకు పనికొచ్చే ఫలితం వచ్చిందంటే మీ స్పెషాలిటీ జర్నలే సరైనది. అక్కడ ట్రైపాడ్ వంటి చెక్‌లిస్టులు (ఇలాంటి మోడల్ పేపర్‌లో ఏమేం చెప్పాలో ఉండే జాబితాలు) అడుగుతారు. దాన్ని పేపర్ రాయకముందే ఇంజనీర్ల చేతిలో పెట్టండి. ఒకే రోగి ఎక్స్‌రేలు ట్రైనింగ్‌లోనూ టెస్టింగ్‌లోనూ పడ్డాయా అన్నది మీరే అడగండి. అది నా బోర్ల తప్పుకి కవలపిల్ల.

రంగం మారితే మారే అలవాట్లు

పేర్ల వరుస గురించి పని మొదట్లోనే మాట్లాడుకోండి. గణితంలో, ఆర్థికశాస్త్రంలో చాలావరకు అక్షరక్రమం. జీవశాస్త్రం, వైద్యంలో మొదటి పేరు పని చేసిన వాళ్ళది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. మా కాలేజీలో చివరి పేరంటే తక్కువ పని చేసినవాళ్ళన్న లెక్క. మా పేపర్‌లో చివర వేసినందుకు నేను లోలోపల నొచ్చుకున్నాను, అది గౌరవమని వాళ్ళు చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపడం దాదాపు ఏ రంగంలోనూ కుదరదు. బదులుగా, పంపే ముందు ఎడిటర్‌కి సారాంశం మెయిల్ చేసి ‘ఇది మీ పరిధిలోకి వస్తుందా?’ అని అడగొచ్చు. దీన్ని ఒకేసారి ముగ్గురు ఎడిటర్లకి రాసినా తప్పులేదు. రంగం మార్చేవాళ్ళకి ఇంతకంటే చవకైన సాయం లేదు.

వెనక్కి వచ్చిన పేపర్

రిజెక్ట్ ఉత్తరం రెండు రకాలు, వాటిని వేరుగా చూడాలి. ‘మా పరిధి కాదు’ అన్నది పేపర్ గురించి ఏమీ చెప్పదు. రెండు మూడు రోజుల్లో ఫార్మాట్ మార్చి తర్వాతి జర్నల్‌కి పంపేయండి. కొన్ని సంస్థలు తమదే ఇంకో జర్నల్‌కి బదిలీ చేస్తామంటాయి. ఒప్పుకునే ముందు అక్కడ రుసుము ఎంతో చూడండి, చాలాసార్లు ఆ రెండోది పూర్తిగా డబ్బు కట్టే జర్నల్ అయి ఉంటుంది.

‘అయాన్ల లెక్క లేదు’ లాంటి ఉత్తరం వేరు. దాన్ని అలాగే పట్టుకుని ఇంకో జర్నల్‌కి పరిగెత్తితే, ఆ రంగం చిన్నది కాబట్టి అదే రివ్యూయర్ చేతికి మళ్ళీ వెళ్ళే అవకాశం ఉంది. నేను ఆ రెండు వాక్యాలని పట్టుకుని ఆరు నెలలు కూర్చున్నాను. నిలబడని వరుసలు తీసేశాం, కొన్ని బోర్ల నీళ్ళు మళ్ళీ పట్టించి పరీక్ష చేయించాం, ఊళ్ళవారీగా మోడల్ మళ్ళీ నడిపాం. ఈసారి ఒక భారతీయ జర్నల్‌కి పంపాం. మొదటి రివ్యూలో పదిహేడు ప్రశ్నలు వచ్చాయి. పన్నెండింటికి సహరచయిత జవాబు రాశారు, అయిదింటికి నేను.

పేపర్ వచ్చాక ఆ ఊళ్ళకి వెళ్ళి ఒక్కో బోరు యజమానికి వాళ్ళ బోరు అంకెని తెలుగులో రాసిన కాగితం ఇచ్చాం. ఒక పెద్దాయన దాన్ని చదివి, ‘మరి పక్కవాళ్ళ బోరులో ఎంతుంది?’ అని అడిగాడు.